మగవాడి పట్టీ

సెప్టెంబర్ 9, 1986, మంగళవారం

మార్డెల్ చేతికి చిక్కాను. పక్కింటి మనిషి కదా, కాఫీ పోసి పంపేద్దామనుకుంటే కోటు విప్పకుండానే నిలబడి, రైతు సంఘం హాల్లో ఈవేళ చదరం డాన్సు క్లాసు మొదలవుతోంది, పద అంది. పొద్దున్నే ఐదింటికి బడి వంటింట్లో నూట నలభై మందికి పిండి కలపాలన్నాను. డాన్సు ఏడింటికి, పిండి ఐదింటికి, మధ్యలో నీకు బోలెడంత రాత్రి ఉంది అంది. మీ ఆయన మెర్ల్ పోయి నాలుగు నెలలైంది, ఇంకెన్నాళ్లు ఆ కుర్చీ వంక చూస్తూ కూర్చుంటావని కూడా అంది. అది మాత్రం గట్టిగా అనలేదు.

కొత్తవాళ్లం పదిమందిమి. ఏడుగురు ఆడవాళ్లు, ముగ్గురు మగవాళ్లు. పగలు మొక్కజొన్న విత్తనాలు అమ్మే ఎల్డన్ సాయంత్రమయ్యేసరికి మైకు పట్టుకుని పిలుపులు చెబుతాడు. ఆయన పిలిచినట్టు మనం కదలాలి, అంతే. చదరానికి నాలుగు వైపులా నాలుగు జంటలు. మగవాడికి కుడిపక్కన నిలబడేది అతని జోడీ. ఎడమపక్కన ఉండేది పక్క జంటలోని ఆడమనిషి, ఆవిడ అతనికి మూల మనిషి. ఈ డాన్సులో జోడీ చెయ్యి ఎంతో మూల మనిషి చెయ్యీ అంతే, ఎవరు చెయ్యి చాపినా కాదనకూడదు అన్నాడు.

మగవాళ్లు తక్కువయ్యారు. ఎల్డన్ అందరి వంకా చూసి, ఒక ఎర్ర గుడ్డ పట్టీ తెచ్చి నా భుజం మీంచి అడ్డంగా వేశాడు. "వెర్నా, పిండి బస్తాలు ఎత్తిన భుజాలు నీవి. ఇవాళ్టి నుంచి నువ్వు మగవాడివి" అన్నాడు. ఎవరో ఒకరు పని చెయ్యాలిగా అన్నాను. అందరూ నవ్వారు.

ఎడమచెయ్యి అన్నప్పుడల్లా కుడిచెయ్యి ఇచ్చాను.

సెప్టెంబర్ 10

మోకాళ్లు.

సెప్టెంబర్ 16, మంగళవారం

ఇవాళ నా జోడీ ట్విలా. బ్యాంకులో పనిచేస్తుంది, ముప్పై ఏళ్లుంటాయి, నోరు ఒక్క క్షణం ఊరుకోదు. ఎల్డన్ పిలుపు వినపడాలంటే ఆమె మాటల మధ్య సందు వెతుక్కోవాలి. అయినా మంచి పిల్ల. నేను తన కాలు తొక్కినప్పుడల్లా తప్పు తనదే అంటుంది.

క్లబ్బులో పాతవాళ్లు మా మధ్య నిలబడి మమ్మల్ని ఇటూ అటూ తోస్తుంటారు. వాళ్లని దేవదూతలు అంటారట. మార్డెల్ ఒక దేవదూత. ఈ మాట మా చర్చిలో ఎవరైనా వింటే చర్చి ఖాళీ చేస్తారు.

ఎల్డన్ ఇవాళ చెప్పిన సూత్రం: దారి తప్పావా, ఎవరి వెంటా పరిగెత్తకు. మొదట ఏ చోట నిలబడ్డావో అది నీ ఇల్లు. నీ ఇంటికెళ్లి, చెయ్యి చాపి, నిలబడు. చదరం తిరిగి తిరిగి నీ దగ్గరికే వస్తుంది. నేను మూడుసార్లు ఇంటికి వెళ్లాను. మిగతావాళ్లు తిరుగుతుంటే గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డాను. కానీ నిజంగానే వచ్చారు.

సెప్టెంబర్ 23, మంగళవారం

కారులో వస్తుంటే మార్డెల్ నోరు జారింది. ముప్పై మైళ్ల అవతల వాలిస్‌లో కూడా క్లబ్బు ఉంది, ఓపల్ అక్కడ పదేళ్లుగా ఆడుతోంది, నీకు తెలుసుగా అంది.

తెలుసు. నా అక్క ఏం చేస్తుందో నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? కాకపోతే మాటల్లేవు, అంతే. నాలుగేళ్లయింది. థాంక్స్ గివింగ్ పండగ భోజనానికి మా ఇంటికి వచ్చింది, మెర్ల్ ఏదో సరదాకి అన్నాడు, ఆవిడ అలిగి వెళ్లిపోయింది. ముక్కు మీద కోపం ఆవిడకి చిన్నప్పటి నుంచీ ఉంది. మెర్ల్ అంత్యక్రియలకైనా రాలేదు. ఆ తర్వాత కవరులో ఒక కార్డు పంపింది. దాన్ని తుడుపుగుడ్డల సొరుగులో అడుగున పెట్టాను. చదవాలని లేదు.

నేను ఈ క్లాసుకి వెళ్లేది మార్డెల్ పోరు పడలేక. ఓపల్ ఆడుతుందని కాదు.

అక్టోబర్ 7

ఇవాళ తప్పంతా నా బూట్లదే. ఆడలేక మద్దెల ఓడు అన్నాడట వెనకటికెవడో. బూట్లు మార్చాను. తప్పులు మారలేదు.

అక్టోబర్ 10

పిండి ట్రేల బండి చుట్టూ డో-సి-డో చేశాను. అంటే ఎదుటి మనిషికి కుడిభుజం రాసుకుంటూ ముందుకెళ్లి, వీపు వీపు తగలకుండా చుట్టి, వెనక్కి నడిచి నీ చోటికి రావాలి. బండి కదలదు, మాట్లాడదు. ట్విలా కంటే నయం. బడి ప్రిన్సిపాల్ గుమ్మంలో నిలబడి చూశాడట, నేను గమనించలేదు. ఇంకో దాల్చినచెక్క రొట్టె తీసుకుని వెళ్లిపోయాడు.

అక్టోబర్ 21, మంగళవారం

ట్విలా బావగారు వచ్చాడు. అసలైన మగవాడు. ఎల్డన్ నా పట్టీ తీసి ఆయన్ని నా చోట నిలబెట్టాడు, నన్ను ఆడవాళ్ల వైపు పంపాడు. చదరాన్ని సర్వనాశనం చేశాను. ఆడవాళ్లు కుడికి తిరిగితే నేను ఎడమకి, వాళ్లు లోపలికి వస్తే నేను బయటికి. పాతవాళ్లలో ఒకడైన ఫ్లాయిడ్ తన మూల మనిషి కోసం చెయ్యి చాపి నిలబడితే అక్కడ నేను లేను, మార్డెల్ మొగుడు ఆర్లో చెయ్యి పట్టుకుని ఊపుతున్నాను. ఆర్లో పాపం మర్యాదస్తుడు, తనూ ఊపాడు.

రెండో పాటకి ఎల్డన్ పట్టీ తెచ్చి మళ్లీ నా భుజం మీద వేశాడు. "దీనికి నువ్వు తప్ప దిక్కులేదు, నీకూ ఇది తప్ప దిక్కులేదు" అన్నాడు.

తమాషా ఏమిటంటే, చిన్నప్పుడు మా వంటింట్లో రేడియో పెట్టుకుని అక్కా నేనూ ఆడేవాళ్లం. పెద్దది, పొడుగు, కనక ఎప్పుడూ అక్కే మగవాడు. నన్ను పొయ్యికీ బల్లకీ మధ్య గిరగిరా తిప్పేది. అమ్మ అంట్లు తోముతూ, గిన్నెలు జాగ్రత్తే అనేది. ఒక్కసారి నేను మగవాణ్ణవుతానే అంటే, నీకు దారి తెలీదు పో అనేది.

ఇప్పుడు చూడమను.

నవంబర్ 11

ప్రామినేడ్ నాకు ఇష్టం. జోడీ రెండు చేతులూ పట్టుకుని పక్కపక్కన గుండ్రంగా నడిచి ఇంటికి రావడం. అందులో తప్పు చెయ్యడానికేమీ లేదు.

బడిలో కిటికీలు తుడుస్తూ పాడుతున్నానని చెప్పారు. పాడుతున్నట్టు నాకు తెలియదు.

నవంబర్ 27, థాంక్స్ గివింగ్

మార్డెల్ వాళ్లింట్లో భోజనం. గుమ్మడికాయ తీపి కూరి కాల్చిన ‘పై’ నేనే చేసుకెళ్లాను. ఆర్లో నా పక్కన కూర్చుని, మగవాళ్లమంతా ఒకవైపు అన్నాడు. బాగా నవ్వుకున్నాం.

ఇంటికొచ్చాక అనిపించింది. ఆ రోజు మెర్ల్ ఒక్కడే కాదు, నేనూ నవ్వాను. వాలిస్‌లో మధ్యాహ్నం డాన్సు నుంచి సరాసరి వచ్చింది అక్క, ఆ లోపావడాలతో ఉబ్బిన నీలం గౌనుతోనే. పళ్ల ‘పై’ చేసి తెచ్చింది. మెర్ల్ అందరి ముందూ, దీపం గొడుగు నడిచొస్తోంది చూడండి అన్నాడు. బల్ల చుట్టూ పన్నెండు మంది. అందరూ నవ్వారు, నేను కాస్త ఎక్కువ నవ్వాను. అక్క ‘పై’ గిన్నె బల్ల మీద పెట్టి, చెయ్యి తుడుచుకుని వెళ్లిపోయింది. కోటు కారులో వేసుకుంది.

నవ్వడం నేరమేం కాదు.

1987 జనవరి 6, మంగళవారం

మా బ్యానర్ పోయింది.

వాలిస్ వాళ్లు ఎనిమిదిమంది ఒక వ్యానులో దిగారు. నిండు చదరంతో వచ్చి, మనతో ఒక విడత ఆడితే, గోడ మీద బ్యానర్ పట్టుకుపోయే హక్కు వాళ్లది. తిరిగి తెచ్చుకోవాలంటే మనం ఎనిమిదిమంది వెళ్లి వాళ్ల దగ్గర ఆడాలి. అది ఇక్కడి ఆచారం. మార్డెల్ వాళ్ల అమ్మ కుట్టిన గాలిమర బొమ్మ బ్యానర్ అది. మడిచి చంకలో పెట్టుకుంటూ వాళ్లలో ఒకాయన, మా బాత్‌రూముకి కర్టెన్ లేదు, సరిగ్గా సరిపోతుంది అన్నాడు. ఎల్డన్ నవ్వుతూనే ఉన్నాడు కానీ చెవులు ఎర్రబడ్డాయి.

వాళ్లలో ఓపల్ లేదు. నేనేం వెతకలేదు. తలుపు సందులోంచి మంచు వస్తోందేమోనని అటు చూశాను.

జనవరి 13, మంగళవారం

ఫిబ్రవరి 21 శనివారం వాలిస్ వెళ్లాలని తేల్చారు. ఎల్డన్ వేళ్ల మీద లెక్కపెట్టాడు. ఆర్లో, మార్డెల్. ఫ్లాయిడ్, వాళ్లావిడ. ఎల్డన్, వాళ్లావిడ. నాలుగో జంటకి ఆడమనిషి ట్విలా. మగవాడు? అందరూ నా భుజం వంక చూశారు.

ఆ శనివారం పని ఉందన్నాను.

జనవరి 14

ఏం పని అని మార్డెల్ అడిగింది. ఫ్రిజ్ మంచు కరిగించాలి అన్నాను.

జనవరి 27, మంగళవారం

ట్విలా బావగారిని అడిగారు, ఆయన ఊరు వెళుతున్నాడు. ఇంకెవరూ లేరు. క్లాసు అయ్యాక మార్డెల్ కారు ఇంజన్ వేసి, కదల్చకుండా కూర్చుంది.

"ఓపల్ ఉంటుందనేగా?"

కాదన్నాను.

"గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటావెందుకు? నీ భుజం మీది పట్టీ ఎవరూ లాక్కోలేదులే" అంది. తర్వాత మెల్లిగా, "చూడు వెర్నా, ఆవిడ నీ మొహం చూడకపోతే చూడకపోనీ. ఒక్క విడత ఆడి వచ్చేద్దాం. కానీ నువ్వు రాకపోతే మాత్రం ఆవిడ మొహం చూడలేకే రాలేదని నీకే తెలుస్తుంది, నీ జన్మంతా" అంది.

ఇంటి దగ్గర దిగేటప్పుడు తలుపు గట్టిగా వేశాను. రేపు ప్రాయశ్చిత్తంగా నాలుగు రొట్టెలు ఇవ్వాలి.

ఫిబ్రవరి 3, మంగళవారం

మంచు తుపాను. క్లాసు లేదు. బడి కూడా లేదు. ఇల్లంతా తుడిచాను. తుడుపుగుడ్డల సొరుగు కూడా సర్దాను. కవరు మళ్లీ అడుగునే పెట్టాను.

రాసేస్తాను. ఇక్కడ నేను తప్ప చదివేవాళ్లెవరూ లేరు.

అంత్యక్రియలకి రాలేదు, రాలేదు అని ఊరంతా చెప్పాను. ఎలా వస్తుంది? నేను చెప్పందే. పాస్టరు గారి భార్య ఓపల్‌కి ఫోన్ చెయ్యనా అంటే, నేను చేస్తాలెండి అన్నాను. చెయ్యలేదు. పేపర్లో చూసుకునేసరికి అయిపోయింది.

ఎందుకు చెయ్యలేదో కూడా రాస్తాను. దీపం గొడుగు అన్నది మెర్ల్ కాదు. అంటే, బల్ల దగ్గర అన్నది అతనే. కానీ ఆ మాట నాది. అక్క కారు ఆగినప్పుడు కిటికీలోంచి చూసి, వంటింట్లో మెర్ల్‌తో నేనన్నాను. అతనికి అంత తెలివైన మాటలు ఎప్పుడు వచ్చాయి? నా మాట అతను బల్ల దగ్గర చెప్పాడు, నాలుగేళ్లు నిందా అతనే మోశాడు. ఒక్కసారి కూడా, అది నీ మాట కదే అనలేదు. మంచివాడు. అక్క ఫోన్ ఎత్తితే ఆ సంగతి చెప్పాల్సొస్తుందని భయం. అదే నా కోపం.

మార్డెల్‌కి ఫోన్ చేసి, ఫ్రిజ్ దానంతటదే కరిగిందని చెప్పాను.

ఫిబ్రవరి 17, మంగళవారం

ఆఖరి సాధన. తప్పులు రెండే. ఎల్డన్ పిలుపుల వేగం పెంచినా నిలబడ్డాను. ట్విలా కూడా పాట పొడుగునా మాట్లాడలేదు. భయపడుతోందేమో.

ఫిబ్రవరి 20, శుక్రవారం

బడిలో భోజనానికి చిల్లీ మాంసం పులుసు, దాల్చినచెక్క రొట్టెలు. సాయంత్రం ఇంటి దగ్గర విడిగా ఒక ట్రే చేశాను, వాలిస్ పట్టుకెళ్లడానికి. పైన చక్కెర కాస్త ఎక్కువ వేశాను. అక్కకి అలా ఇష్టం. అందుకని కాదు, వట్టి చేతులతో ఎవరింటికీ వెళ్లకూడదు.

అందుకనే.

ఫిబ్రవరి 21

పట్టీ ఇస్త్రీ చేశాను. రెండుసార్లు.

ఫిబ్రవరి 22, ఆదివారం

చర్చి నుంచి ఇప్పుడే వచ్చాను. కాళ్లు నొప్పులు, గొంతు బొంగురు. వరసగా రాస్తాను, లేకపోతే తర్వాత నేనే నాకు కథలు చెప్పుకుంటాను.

వాలిస్ వాళ్లు ఫైరింజన్లు బయట పెట్టి ఆ షెడ్డులో ఆడతారు. గోడ మీద మా గాలిమర బ్యానర్, దాని కింద మరుగుదొడ్డికి దారి అని బాణం గుర్తు పెట్టారు. ఆర్లో దాన్ని చూసి పళ్లు నూరాడు. అక్క కోసం చూశాను. డాన్సు చేసేవాళ్లలో లేదు. కాఫీ బల్ల వెనక ఉంది. అదే నీలం గౌను, అవే లోపావడాలు, అప్రాను కట్టుకుని కప్పుల్లో కాఫీ పోస్తోంది. నా రొట్టెల ట్రే మార్డెల్ తీసుకెళ్లి ఇచ్చింది. అక్క మూత ఎత్తి, పైన చక్కెర చూసి, మూత పెట్టేసింది. తలెత్తలేదు.

మా విడత ఆడాం. నా కంటే ట్విలానే ఎక్కువ భయపడింది. ఒక్క తప్పు జరిగింది, అది ఫ్లాయిడ్‌ది, దేవుడికి దండం. బ్యానర్ దింపి ఇచ్చారు. కర్టెన్‌గా ఏమంత బాగోలేదులే, పట్టుకెళ్లండి అన్నారు. మార్డెల్ దాన్ని కోటు లోపల దాచుకుంది. వచ్చిన పని అయిపోయింది. ఇంటికి వెళ్లిపోవచ్చు.

అప్పుడు వాళ్ల పిలుపులాయన తర్వాతి పాటకి చదరాలు కట్టమన్నాడు. తలుపు దగ్గర చదరంలో మూడు జంటలే నిలబడ్డాయి. అందులో ఒకాయన చెయ్యి పైకెత్తి ఒక వేలు చూపించాడు. ఒక జంట కావాలని అర్థం. ఆ వేలు అలాగే గాల్లో ఉంది, ఎవరూ కదల్లేదు. నా పక్కన నిలబడిన వాలిస్ ఆవిడ నిట్టూర్చి, ఓపల్‌కి జోడీ ఉంటేనా అంది. ఆవిడతో ఆడే బెర్నార్డ్ క్రిస్మస్‌కి అరిజోనా కూతురి దగ్గరికి వెళ్లి ఉండిపోయాడట. అప్పటి నుంచి ఓపల్ కాఫీ పోస్తోంది. జనవరిలో మా బ్యానర్ కోసం ఎందుకు రాలేదో అప్పుడు అర్థమైంది.

నేనే వెళ్లాను. కాఫీ బల్ల ముందు నిలబడ్డాను. కారులో ముప్పై మైళ్లూ తయారుచేసుకున్న మాటలన్నీ పోయాయి.

"అక్కా, ఒక జంట తక్కువైంది" అన్నాను.

అక్క నా మొహం వంక కాదు, పట్టీ వంక చూసింది.

"ఏమిటే ఆ వేషం?"

"నేను మగవాడి వైపు. ఆడవాళ్ల వైపు నాకు రాదు."

"మగవాణ్ణి నేను కదే ఎప్పుడూ."

"ఈసారి నేను."

అక్క తువ్వాలు తీసుకుని చేతులు తుడుచుకుంది. ఒక్కో వేలూ తుడిచింది. ఆ రోజు ‘పై’ గిన్నె పెట్టాక కూడా ఇలాగే తుడుచుకుంది. వెళ్లిపోతుందనుకున్నాను.

"దీపం గొడుగుతో ఆడతావా?" అంది.

చెప్పాను. బల్ల మీద చక్కెర గిన్నె వంక చూస్తూ చెప్పాను. "ఆ మాట మెర్ల్‌ది కాదక్కా. నాది. అతనికి నేనే చెప్పాను."

"తెలుసు. మీ వంటింటి కిటికీ తెరిచే ఉంది. నీ గొంతు నాకు తెలీదా?" అంది అక్క. అప్రాను విప్పి కుర్చీ మీద వేసింది. "నువ్వు చెబుతావేమోనని చూశాను. నాలుగేళ్లు పట్టింది నీకు. పద, వాళ్లు నిలబడి ఉన్నారు."

బల్ల చుట్టూ తిరిగి వచ్చి నా కుడిపక్కన నిలబడింది. చెయ్యి చాపాను. పట్టుకుంది. చెయ్యి కాఫీ వేడితో వెచ్చగా ఉంది.

బాగా ఆడామని రాస్తే అబద్ధం. కళ్లు మసకగా ఉంటే ఎవరు మూల మనిషో ఎలా తెలుస్తుంది? కుడిచెయ్యి జోడీకి, ఎడమచెయ్యి తర్వాతి మనిషికి, అలా అల్లుకుంటూ వెళ్లాల్సిన చోట తప్పిపోయాను. ఎవరి వెంటా పరిగెత్తలేదు. నా ఇంటికి వెళ్లి, చెయ్యి చాపి నిలబడ్డాను. చదరం తిరిగింది. ఎవరెవరివో చేతులు దాటుకుంటూ అక్క వచ్చింది, నా చెయ్యి అందుకుంది, ఇద్దరం కలిసి ప్రామినేడ్ నడిచాం.

"దారి తెలీదు గానీ, నిలబడ్డం వచ్చు నీకు" అంది అక్క. ఆవిడ నోట మెచ్చుకోలు అంటే ఇంతే.

బయల్దేరేటప్పుడు కారు దగ్గరికి వచ్చింది. రొట్టె తింటోంది. నా కార్డు చదివావా అని అడిగింది. లేదన్నాను, నిజం చెప్పడం అలవాటవుతోంది. పోనీలే, ఇప్పుడు దాంతో పనిలేదు అని లోపలికి వెళ్లిపోయింది.

ఇందాక సొరుగు తీసి కవరు చించాను. మెర్ల్ గురించి రెండు వాక్యాలు, మంచివి. వాటి కింద ఇది:

"మీ ఊళ్లో సెప్టెంబర్‌లో కొత్తవాళ్లకి క్లాసు పెడుతున్నారట. ఒక్కదాన్నే ఎలా వెళ్లాలని జంకకు. మంగళవారాలు నేను వస్తాను. మగవాడి వైపు నేనే చేస్తాను."

మే నెల నుంచి తుడుపుగుడ్డల కింద ఉంది ఈ మాట.

కాసేపు ఏడ్చాను. ఆ తర్వాత వాలిస్‌కి ఫోన్ చేశాను. రెండో గంటకే ఎత్తింది.

"చదివాను" అన్నాను.

"చదివి?"

"ఆలస్యమైందక్కా. మగవాడి ఉద్యోగం నిండిపోయింది. ఆడవాళ్ల వైపు ఖాళీ ఉంది, కావాలంటే మంగళవారం రా."

అక్క నవ్వింది, చిన్నప్పుడు వంటింట్లో నవ్వినట్టు, ముక్కుతో. నేనూ నవ్వాను. ఈసారి ఇద్దరం ఒకే మాటకి నవ్వాం.